వెనక సస్పెన్షన్ బుష్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక చక్రాల వైపు నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైతే చాలామంది ముందు షాక్ అబ్జార్బర్‌ను అనుమానిస్తారు. దాన్ని మార్చాక కూడా చప్పుడు అలాగే ఉంటే అప్పుడు బుష్‌ల సంగతి గుర్తొస్తుంది. మట్టి పట్టి, బ్రాకెట్ లోపల దాక్కుని ఉండే ఆ రబ్బరు ముక్కలు తేలిగ్గా కంటపడవు. వాటిని సొంతంగా మార్చుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంత వివరంగా జవాబులు రాశాను. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను ఒక పెద్ద తప్పు చేశాను. దాని గురించి బోల్టులు బిగించే ప్రశ్న దగ్గర చెప్తాను. తొందరలో ఉంటే మిగతావి తర్వాత చదవండి కానీ ఆ ఒక్కటి మాత్రం వదలకండి.

బుష్ అంటే ఏమిటి? లోపల ఏముంటుంది?

బయట ఒక ఇనప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, ఆ రెండింటి మధ్య రబ్బరు. ఈ రబ్బరు రెండు గొట్టాలకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. బయటి గొట్టం సస్పెన్షన్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి) రంధ్రంలో బిగుతుగా కూర్చుంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు వెళ్తుంది. ఆ బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం బ్రాకెట్ రెండు చెంపల మధ్య నలిగి కదలకుండా నిలబడిపోతుంది.

చక్రం గుంతలో పడి లేచినప్పుడు బోల్టు చుట్టూ ఏదీ తిరగదు. రబ్బరే మెలి పడి, మళ్లీ విప్పుకుంటుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు, ఆయిలింగ్ అక్కర్లేదు. బేరింగ్ లాగా తిరుగుతుందని అనుకుంటే కింద చెప్పబోయే సగం విషయాలు అర్థం కావు. కాబట్టి ఈ మాట మనసులో పెట్టుకోండి.

పాడైందని నడిపేటప్పుడు ఎలా తెలుస్తుంది?

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక నుంచి మొద్దుగా ఒక దెబ్బ వినిపిస్తుంది. రివర్స్ వేసి కదిలించి, బ్రేక్ తొక్కినప్పుడు ఒక్కసారి "డక్" మంటుంది. హైవే మీద లేన్ మారినప్పుడు ముందు భాగం తిరిగిన క్షణం తర్వాత వెనక భాగం విడిగా సర్దుకున్నట్టు అనిపిస్తుంది. ఈ చివరి లక్షణాన్ని చాలామంది టైరులో గాలి తక్కువని పొరబడతారు. వెనక టైర్లు ఒక అంచున మాత్రమే అరుగుతున్నా, పక్కగాలికి కారు తూలుతున్నా బుష్‌లను చూడాల్సిందే.

కింద దూరి చూస్తే ఏం గమనించాలి?

ముందు వైర్ బ్రష్‌తో మట్టి దులపండి. రబ్బరు పైపైన సన్నటి గీతల్లాంటి పగుళ్లు ఉంటే అది వయసు వల్ల వచ్చింది. అంతమాత్రాన బుష్ పోయినట్టు కాదు. పగులు లోతుగా వెళ్లినా, రబ్బరు గొట్టం నుంచి ఊడి వచ్చినా, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక పక్కకు జారి కనిపించినా దాని పని అయిపోయినట్టే.

తర్వాత ఒక గట్టి ఇనప రాడ్డును ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఒత్తండి. రబ్బరు కాబట్టి కొంచెం కదలడం సహజం. వదిలేయగానే అది తిరిగి యథాస్థానానికి రావాలి. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వస్తే, లేదా ఎదురు లేకుండా కదిలిపోతే మార్చేయండి.

కొన్ని కార్లలో బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది. దాని చుట్టూ నల్లటి జిడ్డు కారినట్టుంటే లోపలి గది చిరిగిందని అర్థం. పైకి రబ్బరు బాగానే కనిపించినా అలాంటి బుష్ పనికిరాదు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

దానికి స్థిరమైన లెక్క లేదు. వేడి, ఇంజన్ ఆయిల్ లాంటి నూనెలు, గుంతల రోడ్లు, మోసే బరువు అన్నీ కలిసి దాని ఆయుష్షును నిర్ణయిస్తాయి. ఎక్కువ కాలం కదలకుండా నిలబెట్టిన కారులోనూ రబ్బరు గట్టిపడి పగులుతుంది. మీటర్ చూసి తేల్చే విషయం కాదిది, కింద దూరి బుష్‌ను చూడాలి.

కొన్నాళ్లు అలాగే నడిపితే ప్రమాదమా?

చిన్న చప్పుడు మొదలైన రోజే కారు ఆపేయాల్సినంత భయం లేదు. కానీ వానలో గట్టిగా బ్రేక్ తొక్కిన క్షణంలో వెనక చక్రం తన దిశ తానే మార్చుకుంటే కారు అదుపు తప్పుతుంది. లోపలి గొట్టం ఊడిపోయి ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్న దశకు వస్తే ఇక నడపకండి. అప్పటికి ఆర్మ్ రంధ్రం, బ్రాకెట్ కూడా దెబ్బతింటుంటాయి, ఒక బుష్‌తో పోయే పని ఆర్మ్ మొత్తానికి వస్తుంది.

నా కారులో ఈ బుష్‌లు ఎక్కడ ఉంటాయి?

చాలా చిన్న కార్లలో వెనక టోర్షన్ బీమ్ ఉంటుంది. రెండు వెనక చక్రాలను కలుపుతూ అడ్డంగా ఒక దూలం, దాని రెండు చివర్ల నుంచి ముందుకు వచ్చే రెండు చేతులు. ఆ చేతుల ముందు కొసల్లో, బాడీకి తగులుకునే చోట పెద్ద బుష్‌లు రెండే రెండు. లెక్కకు తక్కువే అయినా సైజులో పెద్దవి, తీయడం మొండిపని.

మల్టీ లింక్ సస్పెన్షన్ ఉన్న కార్లలో ఒక్కో చక్రానికి నాలుగైదు ఆర్మ్‌లు ఉండొచ్చు, ఒక్కో ఆర్మ్‌కు రెండు కొసల్లో రెండు బుష్‌లు. ఇక్కడ చాలా ఆర్మ్‌లు బుష్‌లతో సహా కొత్తవి దొరుకుతాయి. ఒక ఆర్మ్‌లో రెండు బుష్‌లూ పోయినప్పుడు ఆర్మ్ మొత్తం మార్చడమే నయమని నా అభిప్రాయం. బుష్‌ను రంధ్రంలోకి ఒత్తి ఎక్కించే (ప్రెస్ చేసే) గొడవే ఉండదు.

ఇవి కాక షాక్ అబ్జార్బర్ కింది కొసలో ఒక బుష్, యాంటీ రోల్ బార్‌ను (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని) బాడీకి పట్టి ఉంచే చోట డి ఆకారపు రబ్బర్లు ఉంటాయి. చప్పుడు వాటిలోంచి కూడా రావచ్చు. పెద్ద బుష్‌ల జోలికి వెళ్లే ముందు వీటిని చూసుకోండి, వీటిని మార్చడం చాలా తేలిక.

నేను ఈ పని చేయగలనా?

బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు ఇంతకుముందు మార్చి ఉంటే చేయగలరు. జాకీ ఎక్కడ పెట్టాలో కూడా ఇంకా తెలియకపోతే ఇది మొదటి పనిగా పెట్టుకోకండి. మధ్యేమార్గం ఒకటుంది. ఆర్మ్ మీరే విప్పి, లేత్ వర్క్‌షాప్‌కో ప్రెస్ ఉన్న చోటికో తీసుకెళ్లి పాత బుష్ తీయించి కొత్తది ఎక్కించుకోండి. ఇంటికి తెచ్చి మళ్లీ మీరే బిగించుకోవచ్చు. మల్టీ లింక్ కార్లకు ఇది బాగా కుదురుతుంది.

ఏ పనిముట్లు కావాలి?

ట్రాలీ జాకీలు రెండు, గట్టి స్టాండ్లు రెండు, ముందు చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు లేదా రబ్బరు దిమ్మెలు. సాకెట్ల సెట్, పొడవాటి పానా రాడ్డు, టార్క్ రెంచ్ (చెప్పినంత బిగుతుకే బిగించే పానా). తుప్పు వదిలించే నూనె, వైర్ బ్రష్, ఎమరీ కాగితం, హ్యాక్సా బ్లేడు, డ్రిల్లు, ఉలి, సుత్తి. పాత బోల్టు ఇరుక్కుపోతే కోయడానికి రంపపు మెషిన్. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పైన తుప్పు రాలుతుంటే కింద మీ ముఖం ఉంటుంది.

బుష్‌ను లాగడానికి, ఎక్కించడానికి ప్రత్యేకమైన పుల్లర్ కిట్ దొరుకుతుంది, కొన్ని కార్లకు ఆ మోడల్ కోసమే చేసినవీ ఉంటాయి. లేకపోతే మందమైన, గట్టి ఉక్కుతో చేసిన థ్రెడ్ రాడ్డు, నట్లు, దళసరి వాషర్లు, కొలత సరిపోయే గొట్టం ముక్క తీసుకుని మీరే చేసుకోవచ్చు. మెత్తటి ఇనుముతో చేసిన మామూలు రాడ్డు వాడకండి, మధ్యలో మరలు చెరిగిపోతాయి.

కారును ఎత్తడంలో ఏ జాగ్రత్తలు?

జాకీ ఎత్తడానికి మాత్రమే. కింద దూరే ముందు బరువు స్టాండ్ల మీద ఉండాలి. స్టాండ్లు బాడీకి ఉన్న జాకింగ్ పాయింట్ల కింద ఉండాలి, మీరు విప్పబోయే ఆర్మ్ కిందో బీమ్ కిందో పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఎంత గట్టిగా కనిపించినా వాడొద్దు, అవి ముందు చెప్పకుండా ఒక్కసారిగా చిట్లుతాయి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుపెట్టండి. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ కారును ఆపలేదు.

ఇంకో ప్రమాదం స్ప్రింగ్. కొన్ని మల్టీ లింక్ కార్లలో స్ప్రింగ్ కింది ఆర్మ్ మీదే కూర్చుంటుంది. ఆ ఆర్మ్ బోల్టు తీసేస్తే లోపల నొక్కుకుని ఉన్న శక్తంతా ఒక్కసారి బయటికి వస్తుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి, బోల్టు తీసి, అంగుళం అంగుళం దించాలి. టోర్షన్ బీమ్ కారులో షాక్ అబ్జార్బర్లను విప్పకుండా ఉంచండి, బీమ్ మరీ కిందికి పోకుండా అవి పట్టి ఉంచుతాయి.

మొదటి బోల్టు విప్పకముందు చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, రెండు నిమిషాల పని. కారు చదునైన నేల మీద నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా, వెనక చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైన ఉన్న ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి. రెండు వైపులా కొలిచి కాగితం మీద రాసుకోండి. చివర్లో బోల్టులు బిగించేటప్పుడు ఈ కొలత లేకపోతే మొత్తం శ్రమ వృథా అవుతుంది.

అలాగే బోల్టు తలలో గుండ్రంగా కాకుండా పక్కకు జరిగిన క్యామ్ వాషర్ ఉంటే, దాని స్థానాన్ని బ్రాకెట్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వాలు) సరిచేసే బోల్టు అదే. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, ఎక్కువైనా నష్టం లేదు.

బోల్టు కదలడం లేదు. ఏం చేయాలి?

ఈ పనిలో ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. నట్టు వదులుతుంది కానీ బోల్టు బయటికి రాదు, ఎందుకంటే అది బుష్ లోపలి గొట్టంతో తుప్పు పట్టి ఒకటైపోయి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పొద్దున బోల్టును బిగింపు వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం, అలా మార్చి మార్చి తిప్పండి. తల తిరుగుతున్నా రబ్బరు కూడా కలిసి మెలి పడుతుంటే, బోల్టు గొట్టాన్ని వదల్లేదన్నమాట.

అప్పుడు మొహమాటపడకుండా కోసేయండి. ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్న సందులో రంపపు బ్లేడు దూర్చి రెండు వైపులా కోస్తే ఆర్మ్ ఊడి వస్తుంది. బుష్ ఎలాగూ పారేసేదే. ఇలా జరగొచ్చని ముందే అనుకుని కొత్త బోల్టులు, నట్లు తెచ్చిపెట్టుకోండి. కారు స్టాండ్ల మీద ఉండగా సాయంత్రం పూట బోల్టు కోసం తిరగడం పెద్ద టెన్షన్.

పాత బుష్‌ను ఎలా తీయాలి?

ముందు అది ఏ దిశలో ఉందో గుర్తు పెట్టండి (కింద "కొత్త బుష్‌ను ఏ దిశలో పెట్టాలి?" అనే ప్రశ్న చూడండి). బయటి గొట్టానికి ఒక పక్క అంచు ఉంటే బుష్ ఆ పక్కకే బయటికి రావాలి.

పుల్లర్ ఉంటే ఒక పక్క బుష్ కంటే పెద్ద గొట్టం పెట్టండి, బుష్ అందులోకి వస్తుంది. రెండో పక్క బయటి గొట్టం మందం మీద మాత్రమే ఒత్తే దళసరి బిళ్ల పెట్టండి. మధ్యలోంచి రాడ్డు దూర్చి, మరలకు గ్రీజు రాసి నట్టు తిప్పుతూ పోవాలి. మొదట ఏమీ జరగనట్టు ఉంటుంది, బిగుతు పెరుగుతుంది, తర్వాత ఒక్కసారి "ఠప్" మని కదులుతుంది. ఆ చప్పుడు వినగానే ఏదో విరిగిందనిపిస్తుంది కానీ అది తుప్పు వదిలిన చప్పుడే. రాడ్డుకు ఎదురుగా కాకుండా పక్కన ఉండి తిప్పండి.

పుల్లర్‌తో రాకపోతే రబ్బరులో చుట్టూ డ్రిల్లుతో రంధ్రాలు వేసి మధ్య గొట్టాన్ని ఊడదీయండి. మిగిలిన బయటి గొట్టంలోకి హ్యాక్సా బ్లేడు దూర్చి పొడవునా ఒక గాటు కోయండి. ఆర్మ్ లోహానికి తగలబోతుండగా ఆపేయండి. ఆ గాటు దగ్గర ఉలి పెట్టి లోపలికి మడిస్తే గొట్టం ముడుచుకుని బయటికి వస్తుంది. ఆర్మ్ రంధ్రంలో లోతైన గీత పడిందంటే కొత్త బుష్ అక్కడ గట్టిగా పట్టదు. అందుకే ఇక్కడ తొందర వద్దు.

రబ్బరును కాల్చేస్తే తేలిగ్గా వస్తుందంటారు, నిజమేనా?

వస్తుంది, కానీ చేయకండి. వెనక బుష్‌ల చుట్టుపక్కలే పెట్రోలు ట్యాంకు, బ్రేక్ పైపులు, ఏబీఎస్ వైర్లు ఉంటాయి. పొగ విషపూరితం. ఆర్మ్ బయటికి తీశాక కూడా, అల్యూమినియం ఆర్మ్ అయితే వేడికి బలం కోల్పోతుంది.

కొత్త బుష్‌ను ఏ దిశలో పెట్టాలి?

చాలా బుష్‌ల రబ్బరులో ఖాళీ అరలు ఉంటాయి. ఆ అరలు ఉన్న వైపు బుష్ మెత్తగా, లేని వైపు గట్టిగా ఉంటుంది. గుంత దెబ్బను మింగడానికి ముందు వెనకలకు మెత్తదనం, మలుపులో నిలకడకు పక్కలకు గట్టిదనం, ఇలా ఆలోచించి చేస్తారు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి పెడితే పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, కారు మాత్రం వేరేలా నడుస్తుంది. పాత బుష్ అరలు ఎటున్నాయో ఆర్మ్ మీద గీత గీసి పెట్టుకోండి. కొత్త బుష్ మీద బాణం గుర్తు ఉంటే మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన చోటికి దాన్ని తిప్పండి. ఎంత లోతు వరకు ఎక్కించాలో కూడా పాతది తీసేముందే కొలవండి.

ఎక్కించేటప్పుడు ఏం రాయాలి? ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల లాభం ఉందా?

రంధ్రాన్ని ఎమరీ కాగితంతో తుప్పు లేకుండా నున్నగా చేయండి. రాయడానికి సబ్బు నీళ్లు చాలు. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు రాయకండి, సహజ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది.

ఫ్రీజర్ చిట్కాతో లాభం కొంచెమే. 60 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాన్ని 40 డిగ్రీలు చల్లబరిస్తే దాదాపు 0.03 మి.మీ. ముడుచుకుంటుంది. బిగుతుగా కూర్చునే చోట ఆ కాస్త తేడా కూడా సాయమే, కానీ చేతితో నెడితే దూరిపోతుందని ఆశపడకండి. ప్రెస్ చేసేటప్పుడు బయటి గొట్టం మీదే ఒత్తండి. లోపలి గొట్టం మీద ఒత్తితే కొత్త రబ్బరు మొదటి రోజే ఊడిపోతుంది. వంకరగా పోతున్నట్టు కనిపిస్తే వెంటనే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.

బోల్టులు ఎప్పుడు బిగించాలి?

నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. రెండు బుష్‌లు చక్కగా ఎక్కించాను, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాను. కారు దించితే వెనక భాగం ముందుకంటే కొంచెం ఎత్తుగా నిలబడింది. కొత్త రబ్బరు కదా, సర్దుకుంటుందనుకున్నాను. కొన్ని నెలలకే రెండు బుష్‌లూ చిరిగాయి. అంత కష్టపడి చేసిన పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా గుర్తుంది.

కారణం మొదటి ప్రశ్నలోనే ఉంది. బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉంటే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీద నిలబడినంత సేపూ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. ఆర్మ్ పొడవు 400 మి.మీ. అనుకుందాం. చక్రం మామూలు ఎత్తు కంటే 100 మి.మీ. కిందికి వేలాడితే ఆ మెలిక 14 డిగ్రీలకు పైనే. దాని మీద మళ్లీ ప్రతి గుంతకూ ఇంకా మెలి పడాలి. అలా ఎంతకాలం తట్టుకుంటుంది?

సరైన పద్ధతి ఇది. బోల్టులను చేత్తో, ఆర్మ్ స్వేచ్ఛగా కదిలేంత వదులుగా ఉంచండి. చక్రాలు తగిలించి, వాటి కింద ర్యాంపులు పెట్టి కారును వాటి మీదకు దించండి, అడ్డుచెక్కలు పెట్టండి. వెనక భాగాన్ని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదలండి. ఇంతకుముందు రాసుకున్న కొలత వచ్చిందో లేదో చూసి, అప్పుడు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. సర్వీస్ గుంత అందుబాటులో ఉంటే ఇంకా మంచిది.

ఆర్మ్ కింద జాకీ పెట్టి ఆ కొలత దాకా ఎత్తి బిగించడం కూడా చేస్తారు. కానీ ఒక్క విషయం గమనించండి: ఆ ఎత్తుకు వచ్చేసరికి ఆ మూల బరువంతా జాకీ మీదకు వచ్చి, స్టాండ్ మీద దాదాపు ఏమీ మిగలదు. ఆ సమయంలో కారు కింద శరీరం ఉండకూడదు, చేయి మాత్రమే పెట్టి బిగించగలిగితేనే ఈ దారి.

పాత బోల్టులే వాడొచ్చా?

మాన్యువల్‌లో టార్క్‌తో పాటు "ఇంకో 90 డిగ్రీలు" లాంటి కోణం రాసి ఉంటే, ఆ బోల్టు బిగించినప్పుడు సాగేలా చేసిందై ఉండొచ్చు. అలాంటివి, లాకింగ్ నట్లు ప్రతిసారీ కొత్తవే వేయండి. మిగతావాటి మరలు బాగుండి, తుప్పు గుంతలు లేకపోతే వాడొచ్చు. బిగించాక బోల్టు తలకూ బ్రాకెట్‌కూ కలిపి పెయింట్ గీత గీస్తే తర్వాత వదులైందో లేదో చూడగానే తెలుస్తుంది.

ఒక వైపే పోయింది, రెండో వైపు కూడా మార్చాలా?

మార్చండి. ఒక పక్క కొత్త రబ్బరు, ఒక పక్క అలసిన రబ్బరు ఉంటే కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో ఒకలా నడుస్తుంది.

పాలియురెథేన్ బుష్‌లు మంచివా?

గట్టివి, నూనెకు తట్టుకుంటాయి, ఎక్కువగా రెండు ముక్కలుగా వస్తాయి కాబట్టి ప్రెస్ లేకుండానే ఎక్కుతాయి. వీటిలో లోపలి గొట్టం నిజంగానే తిరుగుతుంది, అందుకే వాటితో వచ్చే సిలికాన్ గ్రీజు బాగా పూయాలి, లేకపోతే కిచకిచమంటాయి. రోడ్డు గరుకుదనం సీటు దాకా వస్తుంది. రోజూ కుటుంబంతో తిరిగే కారుకు నేనైతే కంపెనీ రబ్బరు బుష్‌లనే ఎంచుకుంటాను. టోర్షన్ బీమ్ కారులో మరీ ముఖ్యంగా. అక్కడి బుష్ ఒక్క దిశలోనే కాకుండా అన్ని వైపులా మెలి పడాలి, గట్టి పదార్థం ఆ కదలికను అడ్డుకుంటుంది.

బ్రేక్ పైపులు విప్పాలా?

వీలైనంతవరకు వద్దు. బీమ్ ముందు భాగాన్ని కొంచెం దించితే బుష్ బ్రాకెట్‌లోంచి బయటికి వస్తుంది, పుల్లర్‌తో అక్కడే పని ముగించవచ్చు. దించేటప్పుడు బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ వైర్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు లాగుకోకుండా వాటి క్లిప్పులు ముందే ఊడదీయండి. ఏదైనా బ్రేక్ పైపు విప్పారంటే గాలి పూర్తిగా తీసి, పెడల్ గట్టిగా ఉందని చూశాకే కారు కదపాలి.

తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరా?

మల్టీ లింక్ అయితే తప్పనిసరి, అదీ నాలుగు చక్రాలకు. టోర్షన్ బీమ్‌లో సాధారణంగా సరిచేయడానికి వెనక బోల్టులేమీ ఉండవు, అయినా ఒకసారి కొలిపిస్తే బీమ్ వంకరగా కూర్చుందో లేదో తేలుతుంది. ఆర్మ్‌కు హెడ్‌లైట్ ఎత్తు సెన్సర్ తగిలించి ఉంటే దాని లింకు మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

ఎంత సమయం పడుతుంది?

మొదటిసారి అయితే రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. బోల్టులు సవ్యంగా వస్తే ఒక రోజులో అయిపోతుంది.

అన్నీ మార్చాను, చప్పుడు ఇంకా ఉంది. ఏం చూడాలి?

ముందు మీరు బిగించిన బోల్టుల పెయింట్ గీతలు చూడండి. అవి కదల్లేదంటే షాక్ అబ్జార్బర్ పై మౌంట్, కింది బుష్, యాంటీ రోల్ బార్ లింకులు, స్ప్రింగ్ కూర్చునే రబ్బరు, విరిగిన స్ప్రింగ్ చుట్టు, ఈ వరసలో వెతకండి. సైలెన్సర్‌ను పట్టి ఉంచే రబ్బర్లు తెగితే అది బాడీకి తగిలి అచ్చం బుష్ చప్పుడులాగే వినిపిస్తుంది. డిక్కీలోని జాకీ, స్పేర్ టైరు కూడా బయట పెట్టి ఒకసారి నడిపి చూడండి. కింద ఏదీ దొరక్కపోతే ఒకరు డిక్కీ దగ్గర నిలబడి కారును కిందికి నొక్కి వదులుతుండగా, ఇంకొకరు పక్క నుంచి ఒక్కో జాయింటు మీద వేళ్లు ఆనించి చూడండి. కారు చక్రాల మీదే ఉండాలి, కింద ఎవరూ దూరకూడదు. దెబ్బ తగిలే జాయింటు వేలికి తెలుస్తుంది.